సున్నం కొట్టి వదిలేసిన గోడ

కలకత్తాలో ఖాళీ గోడ దొరక్కపోవడం ఆ ఊరి అదృష్టం!

నవ్వకండి, నిజంగానే చెప్తున్నాను. బయటి ఊళ్ళవాళ్ళు హౌరాలో రైలు దిగి బ్రిడ్జి దాటీ దాటకముందే మొహం చిట్లిస్తారు. ఇదేం ఊరండీ, గోడ కనిపిస్తే చాలు నినాదమేనా అని విసుక్కుంటారు. పాపం, వాళ్ళకేం తెలుసు? ఎన్నికలు వస్తున్నాయంటే ఇంటాయన చెయ్యి జేబులోకి వెళ్ళకుండానే గోడకి సున్నం పడే ఊరు దేశంలో ఇంకెక్కడుంది? బకెట్ పార్టీదే, నిచ్చెన పార్టీదే, కుంచె పట్టినవాళ్ళూ పార్టీవాళ్ళే. తర్వాత దాని మీద ఎవర్నో గెలిపించమని రాస్తారనుకోండి. రాస్తే రాయనివ్వండి! ఆ వంకన గోడ తెల్లబడిందా లేదా?

పైగా ఎంత క్రమశిక్షణ! ఎన్నికలు ఇంకా చాలా దూరం ఉండగానే గోడ మూల పార్టీ పేరు, దాని పక్కన ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకానో రాసేస్తారు. అంటే గోడ బుక్ అయిపోయిందన్నమాట, రైల్లో సీటు మీద తువ్వాలు వేసినట్టు. ఇంక ఆ గోడ జోలికి ఇంకో పార్టీ రాదు. ఇంటి యజమాని కూడా రాడు. ఆయనకేం తక్కువ? గోడకి లోపలి వైపు మొత్తం ఆయనదే కదా!

సరే, ఈ గోడల వల్ల అందరికన్నా ఎక్కువ లాభపడింది ఎవరో చెప్పండి చూద్దాం. ఓట్లు పడ్డవాళ్ళు అనుకుంటున్నారా? కాదు. పరిశోధకులు! అందులోనూ స్ట్రాటజిక్ కమ్యూనికేషన్‌లో పీహెచ్‌డీ చేసేవాళ్ళు.

అదేం చదువు అంటారా? ఎవరికి, ఎప్పుడు, ఏం చెప్తే మనకి కావలసింది వాళ్ళు చేస్తారో ముందే లెక్కవేసుకుని చెప్పడం. మన ఇళ్ళల్లో దీన్ని గడుసుతనం అంటారు. యూనివర్సిటీలో అయితే దీనికి ఒక డిపార్ట్‌మెంట్ ఉంటుంది, ఒక హెడ్డు ఉంటాడు, ఒక ఫ్యాను ఉంటుంది. ఫ్యాను తిరగదు.

ఆ తిరగని ఫ్యాను కిందే కూర్చుని పరిశోధన చేసింది అరుంధతి. బ్యాంకు ఆఫీసరు సోమయాజులు గారి అమ్మాయి. ఆయనకి రాజమండ్రి నుంచి కలకత్తా ట్రాన్స్‌ఫర్ అయినప్పుడు చంకలో ఉన్న పిల్ల, ఆ ఊళ్ళోనే పెరిగి, బెంగాలీలో పోట్లాడుతూ, ఇంగ్లీషులో చదువుతూ, తెలుగు ఇంట్లో మాత్రం మాట్లాడుతూ ఇంతదైంది. సంగతి జరిగింది 2001లో. ఊరి పేరు అప్పుడే కాగితాల మీద కోల్‌కతా అయింది. మే నెలలో అసెంబ్లీ ఎన్నికలు. గోడలన్నీ నిండు ముత్తైదువుల్లా కళకళ్ళాడుతున్నాయి.

అరుంధతి పరిశోధన ఏంటంటే, గోడ మీద రాతలు జనం నిజంగా చూస్తారా లేదా అని. ఎలా తేలుస్తుంది? చాలా సింపుల్! గోడకి ఎదురుగా టీకొట్టు బెంచీ మీద కూర్చుంటుంది. దారినపోయేవాళ్ళలో ఎంతమంది గోడ వైపు తల తిప్పారో పెన్సిల్‌తో గీతలు పెడుతుంది. దీనికి 'తలతిప్పుడు సూచిక' అని పేరు కూడా పెట్టింది. కాలేజ్ స్ట్రీట్ నుంచి మెటియాబ్రుజ్ దాకా అరుంధతి తాగని టీ లేదు, లెక్కపెట్టని మెడ లేదు. ఆఖరికి పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు కూడా ఎటువైపు తల తిప్పారో చూసుకునే స్థితికి వచ్చేసింది.

ఇదంతా ఎందుకు? ఒక్క ఉద్యోగం కోసం. వాళ్ళ డిపార్ట్‌మెంట్‌లోనే ఒకే ఒక్క లెక్చరర్ పోస్టుకి పేపర్లో ప్రకటన పడింది. ఏప్రిల్ ఆఖర్లో ఇంటర్వ్యూ. అప్పటికి థీసిస్ సమర్పించేసి ఉండాలి, అదీ షరతు. ఆ పోస్టు వస్తే అరుంధతి జీవితమంతా మెడలు లెక్కపెట్టుకుంటూ బతకొచ్చు. రాకపోతే నాన్నగారి తర్వాతి ట్రాన్స్‌ఫర్ ఎక్కడైతే అక్కడికి మూటాముల్లే సర్దుకోవాలి. అర్థమైంది కదా, ఎంత పెద్ద విషయమో?

థీసిస్ ఇంక కుట్టించడమే తరువాయి అనుకుంటుండగా, ఫిబ్రవరిలో గైడు హిరణ్మయ్ బాబు నోరు తెరిచారు.

ఇది మామూలు సంగతి కాదు. హిరణ్మయ్ బాబు కమ్యూనికేషన్ మీద బోలెడు పుస్తకాలు రాశారు గాని, విద్యార్థులతో ఆయన కమ్యూనికేషన్ మొత్తం ఒకే మాటలో సాగుతుంది: "దేఖ్‌ఛి." అంటే, చూస్తున్నానమ్మా అని. సంతకం అడిగితే చూస్తున్నా. సెలవడిగితే చూస్తున్నా. ఏం చూస్తున్నారో ఆ దేవుడికే తెలియాలి. అలాంటి మనిషి ఆ రోజు కళ్ళజోడు తీసి, తుడిచి, నిదానంగా ఒక ప్రశ్న వేశారు. గోడ మీద రాత ఉంది కాబట్టి తల తిప్పారంటున్నావు, బాగుంది. రాతే లేకపోయినా తిప్పుతారేమో, నీకెలా తెలుసు? ఏ రాతా లేని గోడ ఒకటి పెట్టి, మూడు వారాలు లెక్కవేసి, రెంటినీ పోల్చావా? ఆ ఖాళీ గోడ లేకుండా నేను సంతకం పెట్టనమ్మా.

న్యాయమైన ప్రశ్న! శాస్త్రీయమైన ప్రశ్న! కలకత్తాలో, ఎన్నికల ముందు, ఖాళీ గోడ!

అరుంధతి వెతకడం మొదలుపెట్టింది. ఉత్తరం నుంచి దక్షిణం దాకా ట్రాములెక్కి, దిగి, సందుల్లో దూరి వెతికింది. ఆసుపత్రి గోడ మీద, ఇక్కడ ఆ పని చేయకండి అని దేవుళ్ళ బొమ్మల టైల్సు. శ్మశానం గోడ మీద, ఇంటికొచ్చి లెక్కలు చెప్పబడును అని ట్యూషన్ మాస్టారి అడ్రసు. వాళ్ళ సొంత ఫ్లాటు గోడ మీద, వచ్చే అయిదేళ్ళకీ ఒక పార్టీ పేరు. ఒకచోట దూరం నుంచి నిజంగానే ఖాళీగా కనిపించి పరుగెత్తింది. దగ్గరికెళ్ళి చూస్తే అది గోడ కాదు, ఆగి ఉన్న లారీ. దాని వెనకాల కూడా ఏదో రాసే ఉంది!

అదిగో, అలా కాళ్ళరిగి ఇంటికొచ్చిన రోజే ఆవిడకి పిడక దొరికింది.

పిడకేంటంటారా? సోమయాజులు గారు బాలీగంజ్‌లో మూడో అంతస్తు ఫ్లాటులో కూడా రోజూ హోమం మానని మనిషి. కింది అంతస్తు బెంగాలీ ఆయన పొగకి దగ్గుకుంటూ మెట్లెక్కి వచ్చి తిట్టిపోవడం కూడా ఆ హోమంలో భాగమైపోయింది. ఆ హోమానికి ఆవుపిడకలు నది అవతల షాలిమార్ నుంచి జగ్గమ్మ తెచ్చిస్తుంది. శ్రీకాకుళం వైపు మనిషి. మొగుడు బైరాగి షాలిమార్ గూడ్సు యార్డులో కళాసీ. దగ్గర్లోని పశువులశాల నుంచి పేడ తెచ్చి, పిడకలు కొట్టి, ఎండబెట్టి అమ్ముతుంది.

ఆ రోజు అరుంధతి నిస్పృహగా ఒక పిడకని తిరగేసి చూసింది. ముందువైపు అయిదు వేళ్ళ ముద్ర. వెనకవైపు ఇటుకల గుర్తులు. ఇటుకలు! అంటే ఇది గోడకి కొట్టిన పిడక! పిడకలున్న గోడ మీద ఎవరైనా నినాదం రాస్తారా? పేడ మీద అభ్యర్థి పేరు రాయించుకునే ధైర్యం ఏ పార్టీకుంది?

మర్నాడు పొద్దున్నే అరుంధతి షాలిమార్‌లో ఉంది.

నిజమే, జగ్గమ్మ ఇంటి పక్కన పాడుబడ్డ గోడౌను గోడ ఒకటి రోడ్డు పొడుగునా ఉంది. నిలువునా అడ్డంగా పిడకలే. ఆ గోడ జగ్గమ్మది కాదు, ఎవరిదో ఎవరికీ గుర్తులేదు. పార్టీలు పేరు రాసి బుక్ చేసుకున్నట్టు, జగ్గమ్మ పేడ కొట్టి బుక్ చేసుకుంది, అంతే.

"పిన్నీ, ఈ గోడ నాకు మూడు వారాలు కావాలి," అంది అరుంధతి.

"ఈ వొయసుకి మొగుడు కావాలనాల గాని గోడ కావాలంతావేటి పాపా," అంది జగ్గమ్మ.

అరుంధతి పిడకలన్నీ తీయించాలని, గోడ ఖాళీగా ఉండాలని, తను ఎదురుగా కూర్చుని చూస్తుందని, అదే చదువని విడమరిచి చెప్పింది. జగ్గమ్మ చేతిలో పేడముద్ద అలాగే పట్టుకుని అంతా విన్నది.

"అయితే ఏటీ రాయవు. ఏటీ అతికించవు. ఊరికే గోడకేసి సూత్తా కూకుంతావు."

"అవును పిన్నీ."

"దానికి డిగ్రీ ఇత్తారు."

"ఇస్తారు."

జగ్గమ్మ ఇంట్లోకి తిరిగి మొగుణ్ణి కేకేసింది. "ఏటోయ్, ఇన్నావా. ఇన్నేళ్ళ బట్టీ గోడకేసి సూత్తా కూకున్నావు. నీకే ఏ డిగ్రీ నేదు."

లోపలి నుంచి బైరాగి దగ్గాడు. అది అవునో కాదో తెలీలేదు.

కానీ మూడు వారాలు గోడ వదులుకోవడమంటే మాటలా? మార్చి ఎండకి పిడక ఎండినంత బాగా ఇంకెప్పుడూ ఎండదు. వానలొచ్చేలోగా కొట్టినన్నే పిడకలు, ఆ ఇంటికి అదే ఆధారం. జగ్గమ్మ చాలాసేపు గోడని, అరుంధతిని మార్చి మార్చి చూసి, చివరికి ఒక షరతు పెట్టింది.

"మీ నాయినకి అనుమానం వొచ్చీసినాది, నా పిడకలు గేదెవని. ఆవువే అనీసి నువ్వు సెప్పాల."

"అవి గేదెవే కదా పిన్నీ."

"అది నాకు తెల్దేటి? సెప్పమన్నది మీ నాయినకి. మూడు వారాలైనాక నా గోడ నాకు ఇచ్చీయాల. అదీ సెప్పు."

అరుంధతి రెంటికీ ఒప్పుకుంది. ఆ సాయంత్రమే హోమగుండం పక్కన కూర్చుని, నాన్నా, నేను స్వయంగా వెళ్ళి చూశాను, అన్నీ ఆవులే, ఒకటైతే కపిలగోవు అని చెప్పింది. సోమయాజులు గారి కళ్ళు చెమ్మగిల్లాయి. పొగ వల్ల కావచ్చు. చూశారా, స్ట్రాటజిక్ కమ్యూనికేషన్ ఊరికే పోయే చదువు కాదు!

పిడకలు తీసేశారు. తీసేస్తే గోడ ఖాళీ అయిందా? ఎక్కడ! పిడక ఉన్న ప్రతిచోటా గుండ్రటి మచ్చ. గోడ నిండా చందమామలే. వాటిని చూడటానికి జనం తల తిప్పితే లెక్క తప్పదూ? అందుకని అరుంధతి, శాస్త్రం కోసం, కేవలం శాస్త్రం కోసం, ఇద్దరు మనుషుల్ని పెట్టి గోడ మొత్తానికి సున్నం కొట్టించింది.

అయ్యలారా, అమ్మలారా, ఆ ఊళ్ళో పెరిగి, ఆ గోడల మీదే పరిశోధన చేసిన అరుంధతికే తట్టని పొరపాటు ఇది. ఎన్నికల ముందు సున్నం కొట్టడమంటే ఏంటి? గోడ తీసుకున్నామని చాటింపు వేయడం. సున్నం ఆరేలోగా పేరు పడాలి. సున్నం పడి, ఆరి, పేరు పడలేదంటే దానర్థం ఏంటి?

ఎవరికీ తెలీదు! ఆ వీధి చరిత్రలో అలాంటిది జరగలేదు.

మర్నాడు అరుంధతి బెంచీ మీద కూర్చుని పెన్సిల్ తీసేసరికి గోడ ముందు జనం. తలలు తిప్పడం కాదు, మనుషులే తిరిగి నిలబడుతున్నారు. రిక్షా దిగి చూసేవాళ్ళు కొందరు. దగ్గరికెళ్ళి వేలితో సున్నం గోకి, మంచి రకమే అని తలూపేవాళ్ళు కొందరు. పక్క వీధి నుంచి పనిగట్టుకుని వచ్చినవాళ్ళు కొందరు. పక్కనే ఎర్రటి అక్షరాలతో, పిడికిలి బొమ్మలతో, కార్టూన్లతో మెరిసిపోతున్న గోడలున్నాయి. వాటి వైపు ఒక్క మెడ తిరిగితే ఒట్టు! అరుంధతి పెన్సిల్ అరిగిపోయింది. టీకొట్టువాడు బెంచీలు పెంచాడు.

ఇక పుకార్లు. అధికారంలో ఉన్నది ఫ్రంటు, అంటే కొన్ని పార్టీల కూటమి. అందులో పెద్ద పార్టీవాళ్ళేమో, చిన్న పార్టీ మనకి చెప్పకుండా గోడ కొట్టేసిందని అనుకున్నారు. చిన్న పార్టీవాళ్ళేమో, పెద్ద పార్టీ మళ్ళీ మన వాటా మింగేసిందని అనుకున్నారు. ఎదుటి పార్టీవాళ్ళు, ఇద్దరూ కలిసి ఏదో పెద్ద ప్లాను వేశారని అనుకున్నారు. కొట్టించింది ఎవరో తెలియకుండా దాని మీద రాస్తే రేపు ఎవరి కోపానికి గురవుతామో? అందుకని ఎవరూ రాయలేదు. ఖాళీ గోడ ఖాళీగానే ఉండిపోయింది!

ఆ వీధిలో పెద్ద పార్టీ తరఫున గోడల వ్యవహారమంతా చూసేది గురువులు. బైరాగి తమ్ముడే. భుజాన అక్కడి పార్టీవాళ్ళందరికీ ఉండే ఖద్దరు సంచీ, నోట్లో సగం బెంగాలీ. ముందు వదినని నిలదీశాడు.

"వదినా, నిజిం సెప్పు. ఎవుల్ది ఆ సున్నం?"

"నాకేటి తెలుసు. సదువుకున్నోలు. బాలీగంజి నుండి వొచ్చినారు," అంది జగ్గమ్మ. అది నిజమే కదా!

పెద్దపెద్దవాళ్ళుండే పేట బాలీగంజ్, ఆ మాట వినగానే గురువులు హడలిపోయాడు. సంచీ సర్దుకుని టీకొట్టు దగ్గరికి వచ్చాడు. బెంచీ మీద కళ్ళజోడు పెట్టుకున్న అమ్మాయి, వచ్చేపోయే ప్రతి మనిషికీ ఒక గీత పెడుతోంది. గురువులు కాసేపు నిలబడి, ఆ తర్వాత సగం బెంచీ మీద, సగం గాల్లో కూర్చున్నాడు.

"మేడమ్, పైనుంచి వొచ్చినారా?"

"యూనివర్సిటీ నుంచి వచ్చాను."

యూనివర్సిటీ! పార్టీ మేధావులుండే చోటు, అది ఇంకా పై మాట! గురువులు గొంతు తగ్గించాడు.

"ఏటి రాయబోతన్నారు మేడమ్, గోడ మీద?"

"ఏమీ రాయడం లేదు. నిజంగా ఏమీ లేదు."

గురువులు అటూ ఇటూ చూసి మెల్లగా తలూపాడు. "అర్దమైనాది మేడమ్. ఆ గోడ మీద ఈగ వాలినా నాకు సెప్పాలనీసి మనోల్లకి సెప్పీసినాను."

అంతే! ఆ రోజు నుంచి గోడకి ఇద్దరు కాపలా, ఒక కుర్చీ. ఆ వైపు మేకల్ని కట్టకూడదు. బంతాట ఆడకూడదు. అరుంధతి టీకి డబ్బులిస్తే కొట్టువాడు పుచ్చుకోవడం మానేశాడు. పరిశోధకులకి ఇంత గౌరవం ఇచ్చే నగరం ఇంకెక్కడుందండీ?

మూడు వారాలు అయ్యాయి. ఫలితం తేలింది. వీధిలో ఉన్న నినాదాలన్నీ కలిపినా రానన్ని తలలు, ఏమీ రాయని గోడకి తిరిగాయి!

థీసిస్ టైపు చేయించి, అట్టలు వేయించి, సంతకానికి బయల్దేరింది. కాపీలు మోయలేకపోతుంటే గురువులు తనే వస్తానన్నాడు. పైవాళ్ళ కాగితాలు మోయడం అతనికి పండగ. అరుంధతి ఎంత వద్దన్నా వినలేదు.

"గోడ దొరికిందా?" అన్నారు హిరణ్మయ్ బాబు. ఈసారి కూడా ఆయన నోట 'దేఖ్‌ఛి' రాలేదు. మొహం మాత్రం సున్నం కొట్టినట్టయింది. దొరుకుతుందని ఆయన కలలో కూడా అనుకోలేదు మరి. దొరకదనే కదా అడిగింది! ఆ సంగతి అరుంధతికి అప్పటికి తట్టలేదు. పాపం, గైడు గారు ఆశ్చర్యపోయారనుకుంది.

ఆయన చూపు గుమ్మం వైపు పోయింది. గుమ్మంలో గురువులు. భుజాన ఖద్దరు సంచీ, చేతుల నిండా థీసిస్ కాపీలు, కళ్ళల్లో భక్తి.

ఆయన ఎవరని అడిగారు హిరణ్మయ్ బాబు, కుర్చీలో సర్దుకుంటూ. అరుంధతి ఉన్నదున్నట్టు చెప్పింది, మాకు పిడకలిచ్చే జగ్గమ్మ పిన్ని మరిది అని. హిరణ్మయ్ బాబు ఆ పార్టీ సంచీ వైపు మళ్ళీ చూశారు. ఇంత పచ్చి అబద్ధం ఎవరైనా ఆడుతున్నారంటే వెనకాల ఎంత బలం ఉండాలి!

"బుఝేఛి," అన్నారు. అర్థమైందమ్మా అని. అని, సంతకం పెట్టేశారు.

గమనించారా? అరుంధతి మొదట్నుంచీ నిజమే చెప్తోంది, ఆ కపిలగోవు తప్ప. విన్నవాళ్ళందరికీ అర్థమైపోతూనే ఉంది!

ఇంటర్వ్యూ రోజు వచ్చింది. అరుంధతి అమ్మ పట్టుచీర కట్టుకుని వెళ్ళింది. వరండాలో ఓ డజనుమంది అభ్యర్థులు. అరుంధతి అక్కడ అడుగుపెట్టగానే గుమాస్తాల తలలన్నీ ఇటు తిరిగాయి. అలవాటు చొప్పున మనసులోనే గీతలు పెట్టుకుంది. తర్వాత వచ్చిన ప్రతి అభ్యర్థికీ తలలు తిరిగాయి.

ఒక్కతనికి తప్ప.

అతను అధ్యాపకుల సంఘం సెక్రటరీ గారి అల్లుడు. వచ్చాడు, కూర్చున్నాడు. ఒక్క తలా తిరగలేదు. ప్యూన్ టీ తెచ్చి అందర్నీ చక్కెర ఎంత అని అడిగాడు. అతన్ని అడగలేదు. దాదా, మీది చక్కెర లేకుండా తెచ్చాను అని చేతికిచ్చి వెళ్ళిపోయాడు.

అరుంధతి మనసులో అతనికి గీత పడలేదు. పిలుపు రాగానే లోపలికి వెళ్ళింది.

బోర్డులో హిరణ్మయ్ బాబు, మరో ముగ్గురు, బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన ముసలి ప్రొఫెసర్ ఒకాయన. మిగతావాళ్ళు అడగాలి కాబట్టి ఏవో అడిగారు. ముసలాయన ఒక్కడే థీసిస్ నిజంగా చదివినట్టున్నాడు. ఏ దురుద్దేశమూ లేకుండా, ముచ్చటపడి అడిగాడు.

"ఇంతకీ ఆ ఖాళీ గోడ మీద జనం ఏం చదివారమ్మా?"

"ఎవరో పెద్దవాళ్ళు ముందే తీసేసుకున్నారు, పేరు మాత్రం తర్వాత రాస్తారు, అని చదివారు సార్," అంది అరుంధతి.

హిరణ్మయ్ బాబు తిరగని ఫ్యాను వైపు చూశారు. మిగతా ముగ్గురూ ఫ్యాను వైపే చూశారు. నాలుగు తలలు, ఒకేసారి!

అరుంధతికి తన జవాబు తనకే అప్పుడు వినపడింది.

పేపర్లో పడ్డ ఆ ప్రకటన! తెల్లగా, శుభ్రంగా, ఎవరి పేరూ లేకుండా! దాన్ని చూసి తల తిప్పి, మెడ సాచి, దగ్గరికెళ్ళి వేలితో గోకి, మంచి రకమే అనుకుని మురిసిపోయిన మనిషి ఎవరు? ఆ వీధిలో జనాన్ని చూసి నవ్వుకుంటూ గీతలు పెట్టిన తనే! తనకీ ఒక గీత పెట్టాల్సింది.

పోస్టు ఎవరికొచ్చిందో చెప్పాలా? చక్కెర లేని టీకి వచ్చింది.

మే నెలలో ఎన్నికలు అయిపోయాయి. గెలవాల్సినవాళ్ళు గెలిచారు. డాక్టరేట్ కాగితాలు ఎక్కడున్నాయంటే హిరణ్మయ్ బాబు మళ్ళీ చూస్తున్నానన్నారు. సోమయాజులు గారికి విజయవాడ ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చింది. సామాను సర్దుతుండగా జగ్గమ్మ వచ్చింది. చేతిలో పిడకలు లేవు.

"నా గోడ నాకియ్యి పాపా."

అరుంధతి తెల్లబోయింది. గడువు ఎప్పుడో దాటింది కదా, ఇంకా తిరిగి తీసుకోలేదా?

"ఎలగ తీసుకుంతాను? గురువులుగోడు సెయ్యెయ్యనివ్వట్లేదు. పైవోల్ల గోడంట. ఎండలన్నీ అయిపోతన్నాయి. వానలొచ్చీత్తే నానేటి తినాల?"

అరుంధతి చీరకొంగు దోపుకుని, అన్నీ అక్కడే వదిలేసి జగ్గమ్మతో షాలిమార్ వెళ్ళింది.

గోడ ఇంకా తెల్లగా మెరుస్తోంది. కాపలా ఉంది. కుర్చీ ఉంది. అరుంధతిని చూడగానే గురువులు లేచి నిలబడ్డాడు. చూస్తుండగానే వీధి వీధంతా పోగైంది, ఇన్నాళ్ళకి పేరు రాస్తారు కాబోలని. అరుంధతి ఎవరితోనూ మాట్లాడలేదు. తిన్నగా వెళ్ళి, జగ్గమ్మ గుమ్మంలో ఉన్న తట్టలోంచి ఇంత పేడముద్ద తీసి, రెండు చేతుల మధ్య గుండ్రంగా చేసి, గోడకి సరిగ్గా నడిమధ్యన ఠప్పున కొట్టింది.

వీధంతా మెడలు సాచింది. తలలన్నీ గోడ మీదే. గురువులు దగ్గరికొచ్చి గుసగుసగా అడిగాడు.

"పైనుంచి ఆర్డరేనా మేడమ్?"

పీహెచ్‌డీలో అన్నేళ్ళు చదివినది అరుంధతికి ఆ క్షణాన పనికొచ్చింది.

"అవును," అంది.

గురువులు వెంటనే చొక్కా చేతులు మడిచి తట్ట అందుకున్నాడు. కాపలావాళ్ళూ పేడ అందుకున్నారు. సాయంత్రానికి గోడ మూల నుంచి మూల దాకా నిండిపోయింది. జగ్గమ్మ మాత్రం వాళ్ళు కొట్టిన పిడకలు వంకరగా ఉన్నాయని తిడుతూ ఒక్కొక్కటీ సరిచేసుకుంటూ తిరిగింది. మధ్యలో ఉన్న మొదటి పిడక ముందు ఆగి, దాన్ని కూడా సరిచేయబోయి, వేళ్ళ ముద్ర చూసి వదిలేసింది.

అవునండీ, పిడక మీద కూడా ముద్ర ఉంటుంది. కొట్టిన మనిషి అయిదు వేళ్ళూ దాని మీద అచ్చుపడి ఉంటాయి. ఎవరు కొట్టారో వీధిలో అందరికీ కనిపిస్తుంది, కాదని తప్పించుకోవడానికి లేదు. గోడ బుక్ చేసుకున్న పార్టీకి కూడా ఆ మాత్రం నిజాయితీ ఉంది, పేరు రాసి మరీ తీసుకుంటుంది. డిపార్ట్‌మెంట్‌లో కుర్చీకి మాత్రం ఏ ముద్రా లేదు.

అందుకే మొదట్నుంచీ మొత్తుకుంటున్నాను, గోడల మీద రాతల్ని తిట్టకండి! పేరు రాసి తీసుకునేవాళ్ళు మర్యాదస్తులు. తెల్లగా సున్నం కొట్టి, ఏమీ రాయకుండా వదిలేసిన చోటు కనిపిస్తేనే జాగ్రత్తపడండి. అక్కడ దరఖాస్తు పెట్టకండి.

పిడక కొట్టండి.